అత్తయ్య గొంతులో రాక్షసుడు

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే నా గొంతు పోయింది. జలుబు చేసి బొంగురుపోవడం కాదు. గొంతులోని తీగల మీద పొక్కులు లేచాయని, వానాకాలం వెళ్లేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదని డాక్టరు తేల్చి చెప్పాడు. గుసగుసగా మాట్లాడొచ్చా అని కాగితం మీద రాసి చూపించాను.

"గుసగుస ఇంకా చేటమ్మా. ఇంతకీ మీరేం పని చేస్తారు?" అన్నాడు.

ఏం చెప్పను? నోరున్నప్పుడే నా పనేంటో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయేదాన్ని.

నేను కథలాటలు నేర్పుతాను. ఒక బల్ల చుట్టూ ఐదారుగురు కూర్చుంటారు. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ. ఎవరికి నచ్చిన పాత్ర వాళ్లు తీసుకుంటారు. కథ నడిపేది నేను. "ఎదురుగా తలుపుంది. లోపల ఏదో కదులుతున్న చప్పుడు. ఏం చేస్తారు?" అని అడుగుతాను. వాళ్లేం చేస్తామంటే అదే కథ. జరుగుతుందో లేదో తెలియని పనైతే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే పనవుతుంది, చిన్నది పడితే ఏదో ఒకటి బెడిసికొడుతుంది. గెలవడం ఓడడం అంటూ ఉండదు. ఎప్పుడూ ఆడనివాళ్ల కోసం ఆదివారాలు లైబ్రరీ హాల్లో ఆడించేదాన్ని. అప్పుడప్పుడు ఆఫీసుల వాళ్లు పిలిచేవాళ్లు, తమ మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదని, ఈ ఆటేదో ఆడించి చూడమని.

ఆ వానాకాలానికి అలా ఒప్పుకున్నది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. వాళ్ల దగ్గర మెకానిక్కులది ఒక జట్టు, ఫోన్లెత్తి ఎవరు ఎక్కడికి వెళ్లాలో చెప్పేవాళ్లది ఇంకో జట్టు. ఎండాకాలంలో ఒకరోజు వాళ్ల పెద్ద మెకానిక్కు ఒక ఖాళీ భవనంలో, లిఫ్టు పెట్టె కప్పు మీద నిలబడి పని చేస్తుంటే కరెంటు పోయింది. ఆయన్ని అందరూ గ్రీజు బాబాయి అంటారు. అటు పైకి ఎక్కలేడు, ఇటు కిందికి దిగలేడు. ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఎత్తిన ఆవిడ, హలోఅక్క అంటారు ఆవిణ్ణి, "ఒక్క నిమిషం లైన్లో ఉండండి బాబాయ్" అని ఇంకో ఫోనెత్తింది. మళ్లీ చూసేసరికి లైను లేదు. పనైపోయి పెట్టేశాడనుకుంది. ఆయన పొద్దుగూకేదాకా ఆ చీకటి గొట్టంలోనే ఉండిపోయాడు.

అప్పట్నుంచి ఆయన ఆవిడతో మాట్లాడడు. ఆయన మాట్లాడడు కాబట్టి మిగతా మెకానిక్కులూ ఫోన్లవాళ్లతో మాట్లాడరు. వెళ్లాల్సిన చోటు చీటీ మీద రాసి కిటికీలోంచి అందిస్తుంటే పట్టుకుపోతారు.

"వానలు పడ్డాయంటే లిఫ్టు గుంటల్లోకి నీళ్లొస్తాయి. ఫోన్లకి అంతుండదు. ఇలాగే సాగితే ఎవరో ఒకరి ప్రాణం మీదికొస్తుంది," అని మేనేజరమ్మ నాతో చెప్పుకుంది.

అందుకే ఆ పని వదులుకోవడం నాకు చాలా కష్టమనిపించింది. అయినా చేసేదేముంది? రావడం కుదరదని చెప్పమని పలక మీద రాసి మా ఆయనకి చూపించాను. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ దగ్గర పేపరు చదువుకుంటున్న అత్తయ్య తలెత్తకుండానే అంది.

"ఎందుకు మానెయ్యడం? అమ్మాయి రాసిస్తే నేను చదువుతాను. నా ఉద్యోగం అదేగా."

అత్తయ్య ఉన్న సర్వీసంతా బస్టాండు మైకులో చదివింది. ఏ బస్సు ఎక్కడాగుతుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఏ గదిలో ఉన్నాడో అన్నీ ఊరికి ఆవిడ గొంతులోనే తెలిసేవి. రిటైరై మా ఇంట్లోనే ఉంటోంది. మా ఇద్దరి మధ్యా గొడవల్లేవు. నిజం చెప్పాలంటే మాటలు కూడా పెద్దగా లేవు. బట్టలు తీశావా, గేటు వేశావా, అంతవరకే. నా పని గురించి మాత్రం ఒకసారి కొడుకుతో అంటుంటే విన్నాను. "బారెడు మనుషులు బల్ల చుట్టూ కూర్చుని లేని రాక్షసులతో పోట్లాడటమేంట్రా?"

ఆవిడే ఇప్పుడు కళ్లజోడు తుడుచుకుంటూ, "ఎప్పుడు మొదలు?" అని అడిగింది.

*

మొదటి శనివారం ఆట కంపెనీ క్యాంటీన్‌లో. దాంట్లోనే ఒకవైపు గోడౌను. తీగచుట్టలు, లిఫ్టు తలుపులు గోడలకి ఆనించి ఉన్నాయి. రేకుల కప్పు మీద వాన ఏకధారగా కురుస్తోంది. మెకానిక్కులు బల్లకి ఆ చివర, ఫోన్లవాళ్లు ఈ చివర కూర్చున్నారు. మధ్యలో రెండు కుర్చీలు ఖాళీ. నేనూ అత్తయ్యా వాటిలో కూర్చున్నాం.

ఎవరికి ఏ పాత్ర కావాలో అడగమని రాశాను. అత్తయ్య అడిగింది.

"చేతులు మురికి కాకుండా పని చేసేవాడెవడైనా ఉన్నాడా ఇందులో?" అన్నాడు గ్రీజు బాబాయి.

మాంత్రికుడున్నాడని రాశాను.

"అయితే వాడే నేను."

హలోఅక్క మెల్లగా అంది. "రోజంతా మాట్లాడి మాట్లాడి విసుగొస్తోందండీ. నోరు విప్పక్కర్లేనిది ఏదైనా ఇవ్వండి." ఆవిడ విలుకత్తె అయింది.

కథ మొదలైంది. కొండ మీద ఒక కోట. తరతరాలుగా మోగుతున్న కోటగంట ఒకనాడు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో వెళ్లి కనుక్కోవాలి. నేను రాసిన కాగితం అత్తయ్య ముందు పెట్టాను. ఆవిడ వెన్ను నిటారుగా పెట్టి, ఎదురుగా మైకు ఉన్నట్టే కాస్త ముందుకు వంగి అందుకుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మీ ఎదుట ఒక వంతెన కలదు. సదరు వంతెనను ఒక రాక్షసుడు కాపలా కాయుచున్నాడు. దయచేసి గమనించగలరు."

నేను రాసింది అది కాదు. బల్ల ఆ చివర ఎవరో కిసుక్కుమన్నారు. ఈ చివర ఇంకెవరో అందుకున్నారు. రెండు చివరలా ఒకేసారి నవ్వు లేచేసరికి వాళ్లలో వాళ్లే తడబడి ఆపుకున్నారు. అత్తయ్య ముఖం ఎర్రబడింది.

"అలవాటు బాబూ. మైకు పోయినా అది పోలేదు," అంది.

తిరిగొస్తుంటే బస్సులో నన్ను అడిగింది. "రాక్షసుడి గొంతు ఎలా ఉండాలి? నేను చదివితే వాడు కూడా బస్సు ఎక్కబోతున్నట్టే ఉంది."

ఆ వారమంతా మా ఇంట్లో రాక్షసుడు తిరిగాడు. గిన్నెలు కడుగుతూ ఆవిడ గొంతు లావు చేసి చూసేది, సన్నం చేసి చూసేది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, మీ ఇంట్లో ఎవరికైనా దగ్గు పట్టుకుందా అని అడిగింది. నేను నోరు తెరవకుండా కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వడం కూడా మానమని డాక్టరు చెప్పలేదు.

*

తర్వాతి శనివారం రాక్షసుడికి నిజంగానే ఒక గొంతొచ్చింది. ముసలిగొంతు, కాస్త అలిసిన గొంతు. ఆ వంతెన మీద పెద్ద యుద్ధం జరగాలి. దానికోసం వారమంతా కూర్చుని తయారుచేశాను, ఎవరెక్కడ నిలబడాలో, వంతెన ఎక్కడ విరగాలో. కానీ కత్తి తియ్యడానికి ముందు ఫోన్లవాళ్లలో ఒకతను ఊరికే అడిగాడు.

"ఇంతకీ ఈ వంతెన ఎందుకు కాస్తున్నావయ్యా?"

నేను గబగబా రాస్తున్నాను. సగం వాక్యం కూడా కాలేదు. అత్తయ్య పలక వైపు చూసి, ఇంకా అక్షరాలు తయారు కాలేదని గ్రహించి, ఆ ముసలిగొంతుతో తనే చెప్పేసింది.

"ఎప్పుడో కాయమన్నారు నాయనా. ఆ తర్వాత దిగిపొమ్మని ఎవరూ చెప్పలేదు. అందుకని ఉన్నాను."

గ్రీజు బాబాయి చేతిలోని పాచిక బల్ల మీద పెట్టేశాడు. "అయితే నేను చెప్తున్నా. ఇక దిగిపో. మాతో రా."

యుద్ధం లేదు. విరిగే వంతెన లేదు. రాక్షసుడు మూట సర్దుకుని వాళ్ల వెంట కోటకి బయల్దేరాడు. అందరూ తెగ సంబరపడ్డారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఇంటికి రాగానే పలక మీద పెద్ద అక్షరాలతో రాసి ఆవిడ ముందు పెట్టాను. 'అది నా కథ.'

అత్తయ్య అలవాటు చొప్పున పైకి చదివింది. "అది నా కథ." చదివాక ఆ మాట ఎవరిదో, ఎవరితో అన్నదో అర్థమైంది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"ఒక ఏడు వరదొచ్చింది. రోడ్డు తెగిపోయింది. బస్సు రాదని డిపోలో అందరికీ తెలుసు. కానీ నాకిచ్చిన కాగితం మీద మరికొద్దిసేపట్లో వచ్చును అని ఉంది. పొద్దుట్నుంచీ అదే చదివాను. నా గదికి అద్దం ఉండేది. బయట బెంచీల మీద పిల్లల్నేసుకుని కూర్చున్నవాళ్లు నాకు కనిపిస్తూనే ఉన్నారు. నేను చదివినప్పుడల్లా మూటలు సర్దుకుని లేచి నిలబడేవాళ్లు. మళ్లీ కూర్చునేవాళ్లు. నోరు నాదే, మాట మాత్రం నాది కాదు." కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఇవాళ ఆ అబ్బాయి అడిగితే జవాబు దానంతటదే వచ్చేసింది. తప్పయితే ఇకమీదట నువ్వు రాసిందే చదువుతాలే అమ్మాయీ."

కోపంలో ఉన్నాను. సరేనన్నట్టు తలూపాను.

*

ఆవిడ మాట నిలబెట్టుకుంది. ఆ పై శనివారం రాసింది రాసినట్టు చదివింది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. 'కలదు', 'గమనించగలరు' మళ్లీ వచ్చేశాయి. ఎవరేం అడిగినా నా పలక నిండేదాకా చేతులు కట్టుకుని ఆగింది. ఆ ఆగినంతసేపూ వాళ్లు కిటికీలోంచి వాన చూశారు. ఒక మెకానిక్కు ఫోన్ తీసుకున్నాడు.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని గ్రీజు బాబాయి అత్తయ్యని అడిగాడు.

"బానే ఉంది నాయనా," అంది ఆవిడ.

టీ తాగి వచ్చాక కథ కోటలోకి చేరింది. గంట ఉన్న గదిలోకి ముందుగా మాంత్రికుడు వెళ్తానన్నాడు. చప్పుడు కాకుండా వెళ్లగలడా లేదా అని పాచిక వేశాడు. ఒకటి పడింది. అంతకన్నా తక్కువ ఆ పాచికలో లేదు. అలా పడితే ఏం జరగాలో నా కాగితంలో ముందే ఉంది. అత్తయ్య చదివింది.

"రాతి తలుపు పడిపోయినది. మాంత్రికుడు లోపల, మిగతావారు బయట. లోపల చీకటి."

అది చెవిన పడ్డాకగానీ నేనేం రాశానో నాకు తట్టలేదు. కోటలో తలుపులుంటాయి, పడతాయి అనుకుని రాసుకుపోయాను. గ్రీజు బాబాయి చెయ్యి పాచిక మీంచి వెనక్కి తీసుకున్నాడు. హలోఅక్క తన ఒళ్లోకి చూసుకుంటోంది.

'తలుపు తెరుచుకుంది' అని గీకేసినట్టు రాసి అత్తయ్య ముందుకి నెట్టాను.

ఆవిడ పలక చూసింది. చదవలేదు. తలెత్తి నా వైపు చూసింది. మాటిచ్చింది కదా, సొంతమాట అనడానికి నేను సరేననేదాకా ఆగుతోంది.

నేను గుడ్డ తీసుకుని పలక తుడిచేశాను.

అత్తయ్య కాగితం మడిచి పక్కన పెట్టింది. మాట్లాడేసరికి ఆ గొంతు మైకుదీ కాదు, రాక్షసుడిదీ కాదు.

"రాయి మందంగా ఉంది. కానీ కింద చిన్న సందుంది. మాట వినపడుతుంది." హలోఅక్క వైపు తిరిగింది. "ఏం చేస్తావు తల్లీ?"

హలోఅక్క తలెత్తింది. "ఆ సందు దగ్గర కూర్చుంటాను."

"కూర్చుని?"

"మాట్లాడతాను."

"ఏమని?"

"ఇక్కడే ఉన్నానని."

అత్తయ్య ఇటు తిరిగింది. "చీకట్లో నీకా మాట వినపడింది నాయనా. నువ్వేం చేస్తావు?"

"ఏం చేస్తాను," అన్నాడు గ్రీజు బాబాయి. "వింటాను."

"మెట్ల మీద అడుగుల చప్పుడు. కోట కావలివాళ్లు పైకి వస్తున్నారు. మిగతావాళ్లు పారిపోయే దారి చూసుకుంటున్నారు. నువ్వూ వెళ్తావా?"

"వచ్చెయ్ అక్కా. తర్వాత మళ్లీ వద్దాం," అన్నాడు ఇందాక ఫోన్ చూసుకున్న మెకానిక్కు. ఎండాకాలం తర్వాత అతను ఆవిడతో నేరుగా అన్న మొదటి మాట అదేనని తర్వాత తెలిసింది.

"నేను రాను. లైను వదలను," అంది హలోఅక్క.

అన్నాక తన మాట తనకే వినపడినట్టుంది. బల్ల వైపే చూస్తూ అంది. "ఆ రోజు మీరు పెట్టేశారనుకున్నాను బాబాయ్. పనైపోయిందేమో అనుకున్నా. మళ్లీ చేసి కనుక్కోవాల్సింది. చెయ్యలేదు."

"చార్జింగ్ అయిపోయింది," అన్నాడాయన. ఆవిడ వైపు తిరిగి, "నేను పెట్టెయ్యలేదు," అన్నాడు.

అత్తయ్య తొందరపెట్టలేదు. గ్రీజు బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"ఆ తలుపు పైనుంచి పడిందా, పక్కనుంచి జరిగిందా?"

"పైనుంచి పడింది."

"అంత రాయి ఊరికే పైన నిలబడదు. దానికి ఎదురుబరువు ఉండాలి. గోడలో ఎక్కడో గొలుసుంటుంది." ఆయన బల్ల మీదికి వంగి ఆ చివరికి చూశాడు. "నీ కుడిచేతి వైపు తడిమి చూడమ్మా. భుజం ఎత్తున. ఏమైనా తగులుతోందా?"

హలోఅక్క అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య నా వైపు చూడలేదు.

"తగులుతోంది," అంది.

ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. గొలుసు లాగడానికి రాక్షసుణ్ణి పిలిచారు. ఇద్దరు మెకానిక్కులు మెట్లకి అడ్డం నిలబడ్డారు. ఫోన్లవాళ్లు పైనుంచి కేకలేసి ఎవరెటు వస్తున్నారో చెప్పారు. పాచికలు దొర్లి బల్ల కింద పడితే వంగి వెతికారు. తలుపు లేచింది. నేను కూర్చుని చూడటం తప్ప చేసిందేమీ లేదు.

తిరుగు బస్సులో అత్తయ్య కిటికీలోంచి చూస్తూ అంది. "చదవలేదని కోపమా?"

పలక తీసి రాయబోయాను. బస్సు కుదుపులకి అక్షరాలు కుదరలేదు. వదిలేసి, ఆవిడ చేతిలోని బరువైన సంచి తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను.

*

సోమవారం మేనేజరమ్మ మా ఆయనకి ఫోన్ చేసింది. కిటికీలోంచి చీటీలు ఆగిపోయాయట. గ్రీజు బాబాయి కిటికీ దగ్గరికి వెళ్లి, "నీ రాత నాకు అర్థం కాదు, నోటితో చెప్పు" అన్నాడట. ఆ నెలలోనే ఒక పెద్ద వానకి ఏదో ఆసుపత్రి సెల్లారులోకి నీళ్లొచ్చి లిఫ్టు ఆగిపోయింది. లోపల ఒక ముసలాయన, ఆయన కూతురు ఉన్నారు. మెకానిక్కు నీళ్లలో దిగి పని చేసినంతసేపూ హలోఅక్క అతనితో లైన్లోనే ఉంది. మిగతా ఫోన్లు పక్కవాళ్లకి ఇచ్చేసింది. అందరూ క్షేమంగా బయటికొచ్చారు. ఆ కబురు మా ఆయన చెప్తుంటే అత్తయ్య వింటూ వింటూ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. కాసేపు బయటికి రాలేదు.

మా ఇల్లు ఆ తర్వాత మునుపటిలా లేదు. కథ ఇద్దరం కలిసి కట్టేవాళ్లం. నేను రాసేదాన్ని, ఆవిడ కొట్టేసేది. "ఈ రాణి ఇలా మాట్లాడదు అమ్మాయీ. ఇంత డబ్బున్నామె ఇన్ని మాటలు ఖర్చు పెట్టదు," అనేది. నేను సుద్దముక్క విరిగేలా వాదించేదాన్ని. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, "ఇవాళ అన్నం ఎవరు వండారు, కోటలో వాళ్లా?" అని అడిగి తనే వంటింట్లోకి నడిచేవాడు. లైబ్రరీ హాల్లో ఆదివారం బల్ల కూడా ఆవిడే అందుకుంది. ఎప్పుడూ పాచిక ముట్టనివాళ్లు బెదురుతూ వచ్చి కూర్చుంటే, "నాకూ మొన్నటిదాకా తెలీదు నాయనా, కూర్చో" అనేది. ఆ ఒక్క మాటతో వాళ్లు కుర్చీలో సర్దుకునే తీరు చూడాలి. అంత తేలిగ్గా నేనెప్పుడూ ఎవర్నీ కూర్చోబెట్టలేకపోయాను.

వానలు తగ్గాక డాక్టరు నా గొంతులోకి లైటు వేసి చూసి, ఇక మెల్లమెల్లగా మాట్లాడొచ్చన్నాడు.

కంపెనీలో చివరి శనివారం. అత్తయ్య బల్ల దగ్గరికి వచ్చి, కథ నడిపేవాళ్ల కుర్చీ వెనక్కి లాగి నాకు చూపించింది. కాగితాలన్నీ సర్ది పెట్టింది కూడా.

"నీ గొంతు వచ్చిందిగా. కూర్చో," అంది.

నేను బల్లకి అటువైపు వెళ్లి, గ్రీజు బాబాయికీ హలోఅక్కకీ మధ్య కూర్చున్నాను. ఒక ఖాళీ పాత్రకాగితం తీసుకున్నాను.

"నేనెప్పుడూ ఆడలేదు. నేర్పుతారా?" అని అడిగాను.

అది నిజం కూడా. ఇన్నేళ్లూ ఆడించడమేగానీ, తర్వాత ఏం జరుగుతుందో తెలియకుండా ఈవైపు కూర్చున్నది లేదు. గ్రీజు బాబాయి చాలా గంభీరంగా నాకు పాచిక ఎలా వెయ్యాలో చూపించాడు. హలోఅక్క నా పాత్రకి ఏం రాయాలో చెప్పింది. అత్తయ్య కుర్చీ వెనక ఇంకాసేపు నిలబడింది. తర్వాత కూర్చుంది.

ఆ రోజే కొత్తగా చేరిన స్టోర్‌కీపరు ఒకావిడ నా వెనగ్గా కుర్చీ జరుపుకుంది. అత్తయ్య మొదలుపెట్టింది. ఆగిన కోటగంట మళ్లీ మోగాక కోటలో ఏమైందో చెబుతోంది. అందులో ఒక్క ముక్క కూడా నేను రాసింది కాదు. ఫోన్ల గదిలోంచి ఇద్దరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. రాక్షసుడు కోటవాళ్ల ముందు మొదటిసారి తన పేరు చెప్పుకోబోతుంటే, చేతిలో టీ ఉన్నవాళ్లు తాగడం మర్చిపోయారు.

స్టోర్‌కీపరు నా చెవి దగ్గరికి వంగింది. "అబ్బ, ఎంత బాగా చెబుతున్నారండీ. ఎవరావిడ?"

"మా అత్తయ్య," అన్నాను.

అత్తయ్యకి వినపడాలని కాస్త గట్టిగానే అన్నాను. అత్తయ్య కథ ఆపలేదు, మా వైపు చూడలేదు. తన ముందున్న పాచికలు తిన్నగానే ఉన్నా, వేళ్లతో మరోసారి వరసగా సర్దుకుంది.